"నీకు జరిగింది ఒకటి చెప్పు"

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మా చర్చిలో సండే స్కూలు చిన్న క్లాసు నేనే చూస్తాను. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు పద్నాలుగు మంది. ఈసారి క్రిస్మస్ ప్రోగ్రాంలో పాటలు, నాటికతో పాటు ప్రతి బిడ్డా రెండు నిమిషాలు సాక్ష్యం, అంటే దేవుడు తనకి చేసిన మేలు, చెప్పాలని పాస్టరు గారు అన్నారు. క్లాసులో చెప్పించి చూశాను. అందరిదీ ఒకటే మాట: "నేను పాపిని, యేసయ్య నన్ను రక్షించాడు, మీరు కూడా నమ్ముకోండి, వందనాలు." ఇంకేమైనా చెప్పమంటే కొందరు పొద్దున్న పళ్లు తోముకున్న దగ్గర్నుంచి మొదలుపెడతారు. కొందరు నోరే తెరవరు. ఇద్దరు తల్లులు అప్పుడే రాసిచ్చి బట్టీ పట్టిస్తున్నారు. పిల్లలు సొంతంగా ఆలోచించుకుని వరసగా చెప్పేలా నేర్పడం ఎలా? ఇంకో సంగతి. ఒక బాబు "మా నాయన తాగొచ్చి అమ్మని కొడతాడు" అని క్లాసులో అందరి ముందూ అనేశాడు. నాకేం చేయాలో తోచలేదు.
— ఒక సండే స్కూలు టీచరు

జవాబు:

అమ్మా, వందనాలు.

పిల్లలందరూ ఒకటే మాట చెప్పారని బెంగ పెట్టుకోకండి. ప్రతి ఆదివారం పెద్దవాళ్లు లేచి సాక్ష్యం ఎలా ఎత్తుకుంటారో, ఎలా ముగిస్తారో వాళ్లు వింటూనే ఉన్నారు. విన్నది అప్పజెప్పారు. ఆరేళ్ల పిల్లని "సాక్ష్యం చెప్పు" అంటే, పెద్దవాళ్లలా మాట్లాడమంటున్నారనే అనుకుంటుంది. అందుకే కొన్నాళ్లు ఆ మాటని క్లాసులోకి రానివ్వకండి. "నీకు జరిగింది ఒకటి చెప్పు" అనండి, చాలు.

ఆ ఒక్కటీ ఏదో తేల్చుకోవడమే అసలు పని. పళ్లు తోముకున్న దగ్గర్నుంచి చెప్పుకొచ్చే పిల్లకీ, నోరు తెరవని పిల్లకీ ఉన్న ఇబ్బంది ఒకటే. ఏది చెప్పాలో తేలక ఒకరు అన్నీ చెబుతున్నారు, తేలకే ఇంకొకరు ఊరుకుంటున్నారు. మనమైతే మాట్లాడుతూనే మనసులో ఏరుకుంటాం. ఆ వయసు వాళ్లకి ఏరుకోవడం, చెప్పడం రెండూ ఒక్కసారే సాగవు. కాబట్టి ఏరుకునే పని ఒక ఆదివారం, చెప్పే పని ఇంకో ఆదివారం పెట్టండి. చేతిలో నాలుగైదు ఆదివారాలు ఉంటే తొందరేమీ లేదు.

బైబిల్లోనే దీనికి మంచి పాఠం ఉంది, మొదటి సమూయేలు 17వ అధ్యాయంలో. గొల్యాతు అనే భారీ యోధుడి మీదికి వెళ్తానన్న దావీదుని చూసి సౌలు రాజు, నువ్వు కుర్రాడివి, నీ వల్ల కాదంటాడు. అప్పుడు దావీదు తన కథ చెబుతాడు. నేను బేత్లెహేములో పుట్టాను, యెష్షయి కొడుకుల్లో ఎనిమిదోవాణ్ని అని ఎత్తుకోడు. గొర్రెలు కాస్తుంటే సింహమో ఎలుగుబంటో వచ్చి మందలోంచి పిల్లని ఎత్తుకుపోయేది, వెంటపడి దాని నోట్లోంచి విడిపించాను, నా మీదికి లేస్తే గడ్డం పట్టుకుని కొట్టి చంపాను. ఆ పైన ఒక్క మాట: వాటి నుంచి కాపాడిన దేవుడే ఇతని చేతిలోంచీ కాపాడతాడు. అంతా కలిపి నాలుగు వచనాలు, 34 నుంచి 37 వరకు. ఎక్కడున్నాడు, ఏం వచ్చింది, చేత్తో ఏం చేశాడు, అన్నీ అందులో ఉన్నాయి. గడ్డం పట్టుకున్న ముక్క లేకపోతే సౌలు నమ్మేవాడు కాదేమో అని నాకెప్పుడూ అనిపిస్తుంది. మొదటి ఆదివారం ఈ కథ చెప్పి, చివర్లో ఒకటే అడగండి: దావీదు సింహాన్ని ఎక్కడ పట్టుకున్నాడు? ఆ జవాబు ఏ పిల్లా మరిచిపోదు. మీ కథలో కూడా అలాంటి ముక్క ఒకటి కావాలని అప్పుడు చెప్పండి.

ఆ ముక్క ఎలా బయటికి వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. మీలాగే తీరం ఒడ్డున ఒక చర్చిలో ఏడేళ్ల కుర్రాడు ఇలా చెప్పాడు: "మా నాయన వీరావల్ నుంచొచ్చినాడు. బ్యాటు, బంతి తెచ్చినాడు. దేవునికి స్తోత్రం." గుజరాత్‌కి చేపల వేటకి పోయి, అక్కడ వేట ఆపే వానాకాలంలో ఇంటికొచ్చే తండ్రులు మీ ఊళ్లోనూ ఉంటారు కాబట్టి ఇది మీకు కొత్త కథ కాదు. టీచరు చప్పట్లు కొట్టించి పంపేయకుండా, పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాయన వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"తలుపెనకాల."

"తలుపు వెనక ఎందుకు?"

"గెడ్డం ఉంది. ఎవులో అనుకున్నాను."

"మరి నాయనేనని ఎలా తెలిసింది?"

వాడు కాసేపు ఆలోచించాడు. "నన్ను పిలిసినాడు. మాయమ్మ పిలిసినట్టు కాదు. నాయన పిలిసినట్టు."

బ్యాటు, బంతి ఆ కథలోంచి వాటంతటవే జారిపోయాయి. టీచరు తన మాట ఒక్కటి కూడా కలపలేదు. ఎక్కడ, ఎందుకు, ఎలా అని మాత్రం అడిగింది. ఇది చదవగానే మీకూ నాకూ యోహాను 20వ అధ్యాయం గుర్తొస్తుంది. సమాధి దగ్గర మగ్దలేనే మరియ యేసుని తోటమాలి అనుకుంటుంది, పేరు పెట్టి పిలిచాకే గుర్తుపడుతుంది. ఆ పోలిక నోటిదాకా వచ్చినా ఆ రోజుకి మింగేయండి. ఇంకో ఆదివారం మరియ కథ చెప్పినప్పుడు వాడే "మా నాయన కూడా" అంటాడు చూడండి.

వాడి 'పిలిసినాడు'ని దిద్దొద్దు కూడా. మైకు ముందు నిలబడగానే పిల్లలు పుస్తకం భాషలోకి వెళ్లిపోతారు, అక్కడితో కథ చచ్చిపోతుంది. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు మీ జిల్లాలో పర్వతాలపేటలో పుట్టినవారే. ఆయన జిల్లాలో పిల్లలు తమ యాసలో కథ చెబితే నవ్వే పెద్దలుంటే, నవ్వనివ్వండి.

రెండో ఆదివారం ఏరుకునే రోజు. ముందు మీరు చేసి చూపించండి, మనసులో అనుకునేది పైకే అంటూ. "నేను మొన్న పలాస వెళ్లాను. బస్సెక్కాను, చీర కొన్నాను, మా చెల్లి ఇంటికెళ్లాను... అబ్బో, ఇది చాలా ఎక్కువైపోయింది. ఇందులో ఏది చెప్పాలి? చీర సంగతి మీకెందుకులే. బస్సు దిగుతుంటే చెప్పు తెగిపోయి, ఒక కాలికే చెప్పుతో బజారంతా నడిచాను. అదే చెబుతాను." మీరు చీరని పక్కన పడేయడం పిల్లలు కళ్లారా చూడాలి. ఏది చెప్పాలో ఎంతసేపు వివరించినా ఎక్కదు గానీ, టీచరు ఒకటి వదిలేసి ఇంకోటి పట్టుకోవడం చూస్తే వెంటనే పట్టేస్తారు.

తర్వాత వాళ్లని అడగండి: బాగా భయమేసింది ఎప్పుడు? ఏదైనా పోగొట్టుకున్నావా? ఎవరితోనైనా కొట్లాడి మళ్లీ కలిశావా? ఎప్పుడూ చేయనిది మొదటిసారి ఏం చేశావు? "దేవుడు నీకేం మేలు చేశాడు?" అని మాత్రం ఆ రోజు అడగొద్దు. అడిగారో, పాత పాఠమే మళ్లీ మొదలవుతుంది.

"నాకేం జరగలేదు టీచర్" అనే పిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్లని వచ్చే వారం ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చుకోమనండి. విరిగిన బొమ్మ, ఆసుపత్రి చీటీ, గవ్వ, ఏదైనా సరే. యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను దాటిన జనం నది మధ్య నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి నిలబెట్టింది ఇందుకే కదా, రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే కథ చెప్పడానికి. వస్తువు చేతిలో ఉంటే "ఇది ఎక్కడిది?" అన్న ఒక్క ప్రశ్నతో పని నడుస్తుంది.

ఏరుకున్నాక పక్కవాళ్లకి చెప్పుకోనివ్వండి, ఇద్దరిద్దరుగా. విన్నవాళ్లు ఒక్క ప్రశ్న అడగాలి, అదొక్కటే రూలు. ఏడు జంటలు ఒకేసారి మాట్లాడితే గోలగా ఉంటుంది. ఉండనివ్వండి. పక్క గదిలో ఆరాధన జరుగుతుంటే కొబ్బరి చెట్ల కిందికి తీసుకుపొండి.

చెట్లంటే గుర్తొచ్చింది. మీ ఉద్దానంలో పిల్లల్ని కథ అడిగితే ఒకరిద్దరైనా తిత్లీ తుపాను ఎత్తుకుంటారు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున గాలికి కొబ్బరి, జీడి తోటలు నేలకూలడం, రేకులు ఎగిరిపోవడం కళ్లకి కట్టినట్టు చెబుతారు. చెప్పే బిడ్డ అప్పటికి పుట్టి కూడా ఉండదు, లేదా ఒళ్లో ఉండి ఉంటుంది. అబద్ధం ఆడుతోందని కాదు, ఇంట్లో అన్నిసార్లు విన్నాక అది తన కథే అయిపోయింది. "నువ్వు చూశావా, నాన్నమ్మ చెప్పిందా?" అని మెల్లగా అడగండి. నాన్నమ్మ చెప్పిందంటే, అది నాన్నమ్మ కథ. కావాలంటే ఒక ఆదివారం నాన్నమ్మనే పిలిపించి చెప్పించండి, బ్రహ్మాండంగా ఉంటుంది. బిడ్డ మాత్రం తాను ఉన్న చోటి నుంచి చెప్పాలి. "నాన్నమ్మ ఆ తుపాను సంగతి చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అంటే అది బిడ్డ సొంత కథే.

మూడో ఆదివారం కాగితం ఇవ్వండి. పాత క్యాలెండరు వెనక వైపు ఖాళీగా ఉంటే అదే చాలు. మూడు గడులు వచ్చేలా మడత పెట్టించండి. మొదటి గడిలో, మొదట్లో నువ్వెక్కడున్నావు. మధ్య గడిలో, ఏం జరిగింది. మూడో గడిలో, చివరికి ఏమైంది. పెన్సిల్‌తో గీత మనుషులు చాలు. రంగు పెన్సిళ్లు మీ సంచి దాటి బయటికి రానివ్వకండి. ఇచ్చారంటే సముద్రానికి నీలం రుద్దడంలోనే క్లాసు అయిపోతుంది, కథ ఒడ్డునే ఉండిపోతుంది. అక్షరాలు వచ్చిన పిల్లలు గడికొక మాట రాసుకోవచ్చు. ఆ కుర్రాడి కాగితం మీద తలుపు, గెడ్డం, పిలుపు, ఈ మూడే ఉన్నాయి. వాక్యాలు రాయమనకండి. రాస్తే చదువుతారు, చదివితే మీ దగ్గర మళ్లీ బట్టీ చదువే మిగులుతుంది.

కాగితాలు చూస్తుంటే మీకు ఒకటి తెలిసిపోతుంది. మొదటి గడి, చివరి గడి అందరూ నింపుతారు. మధ్య గడి బోసిగా ఉంటుంది. "జ్వరం వచ్చింది" అని ఒక మూల, "తగ్గిపోయింది" అని ఇంకో మూల, మధ్యలో మంచం బొమ్మ ఒకటి. మీ సమయమంతా ఆ మధ్య గడి మీదే పెట్టండి. రాత్రి ఎవరు లేచి ఉన్నారు? నుదుటి మీద చెయ్యి ఎవరు పెట్టారు? నువ్వేమన్నావు? ఆటో దొరికిందా? ఒక్కో బిడ్డకి రెండు ప్రశ్నలు చాలు, మూడోది వేస్తే విసుక్కుంటారు. ఆ తర్వాత గడి మీద వేలు పెట్టి ఆ ముక్క చెప్పడం, వేలు జరిపి తర్వాతి ముక్క చెప్పడం. ఈ వేలు జరపడంతోనే వరస దానంతటదే కుదురుతుంది. కథ మారిపోయిందని ఎవరైనా కొత్త కాగితం అడిగితే సంతోషంగా ఇవ్వండి. అక్కలతో పాటు వచ్చేసే నాలుగేళ్లు, ఐదేళ్ల వాళ్లకి రెండు గడులు పెట్టండి.

ఇక దేవుడి మాట. పాస్టరు గారు ఎదురుచూసేది అదే కాబట్టి మీకు టెన్షన్ ఉంటుంది. చివర్లో "దేవుడు సహాయం చేశాడు" అని అతికించమనకండి. మూడు గడులూ చెప్పడం అయ్యాక అడగండి: "అప్పుడు దేవుడితో ఏమైనా అన్నావా?" కొందరు అని ఉంటారు. ఏమన్నారో ఉన్నదున్నట్టు ఆ గడిలోకే రానివ్వండి. "యేసయ్యా బేగి రా" అని తలుపు వెనక అనుకుంటే, అది తలుపు గడిలోనే ఉండాలి, చివర్లో కాదు. ఏమీ అనలేదంటే, అనలేదనే ఉండనివ్వండి. ఆ కథ విన్నాక మీరో పాస్టరు గారో ఒక్క మాట ప్రార్థన చేస్తే సరిపోతుంది. ఆరేళ్లకి జరగని అనుభవాన్ని జరిగిందని చెప్పించడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, అలా చెప్పిన బిడ్డ పదిహేనేళ్లొచ్చాక ఆ సంగతి గుర్తుపెట్టుకుంటుంది. మీ సండే స్కూలుకి క్రైస్తవులు కాని ఇళ్ల నుంచి వచ్చే పిల్లలుంటే ఈ జాగ్రత్త ఇంకా కావాలి. వాళ్ల కథ కథగానే చెప్పనివ్వండి.

బాగవ్వని కథలు కూడా వస్తాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. "మా తాత కోసం ప్రార్థన చేశాను, తాత చచ్చిపోయాడు" అని ఒక బిడ్డ మూడో గడిలో పెట్టె గీస్తే, పక్కన పరలోకం గీయించే పని పెట్టుకోకండి. 88వ కీర్తన మొత్తం మొరే, చీకటి మాటతోనే అయిపోతుంది, అయినా అది బైబిల్లో ఉంది. తాత నడిచేటప్పుడు చెయ్యి ఎలా పట్టుకునేవాడో ఆ బిడ్డని అడగండి. పరలోకం మాట బిడ్డే ఎత్తితే అప్పుడు మాట్లాడుకోండి.

మీరు రాసిన బాబు సంగతి దీనికంతటికంటే పెద్దది. ఏం చేయాలో తోచలేదన్నారు. అలాంటి మాట పడినప్పుడు "అలా అనకూడదు నాన్నా" అనకండి, వాళ్ల నాయన పేరెత్తి అక్కడే ప్రార్థన మొదలుపెట్టకండి. "నాతో చెప్పావు, మంచి పని చేశావు. క్లాసు అయ్యాక మనిద్దరం మాట్లాడుకుందాం" అని తర్వాతి బిడ్డ దగ్గరికి వెళ్లండి. ఆ తర్వాత తప్పకుండా మాట్లాడండి. ఈ ఆదివారమే మాట్లాడండి, ఆలస్యమైంది అనుకోకండి. నలుగురికీ కనిపించే చోట, మాట మాత్రం వినపడనంత దూరంలో కూర్చోండి. వాడు చెప్పేది వినండి, పోలీసుల్లా ఆరా తీయొద్దు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, ఎందుకంటే చెప్పాల్సి రావచ్చు.

తర్వాత ఆ తల్లితో ఒంటరిగా మాట్లాడండి. వాళ్లాయన ఇంట్లో లేనప్పుడు వెళ్లండి, బాబు చెప్పాడని ఆయన దాకా పోకుండా చూసుకోండి. పోతే ఆ రాత్రి దెబ్బలు వాడికి పడతాయి. పాస్టరు గారికి చెప్పాల్సి వస్తే, ప్రసంగంలో తాగుడు గురించి ఆ బాబు తండ్రి వైపు చూసి మాట్లాడొద్దని కూడా చెప్పండి. ఆవిడకి సాయం కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. బాబుని కూడా కొడుతున్నా, ఇంకే రకంగా హాని జరుగుతున్నా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ముందు ప్రార్థన చేసి చూద్దాం అని వారాలు గడపొద్దు. ఫోన్ చేసి ప్రార్థన చేసుకోండి.

మైకు దగ్గరికి ఆ కథ వెళ్లకూడదు. ఇక్కడే ముందుగా కాగితం మీద పెట్టుకోవడం మీకు అక్కరకొస్తుంది. ప్రోగ్రాం రోజు కాదు, అంతకు ముందే ఏ బిడ్డ ఏం చెప్పబోతోందో మీకు తెలుస్తుంది. క్లాసులో అందరికీ ఒకసారి చెప్పండి: కొన్ని కథలు అందరికీ చెప్పేవి, కొన్ని అమ్మకో టీచరుకో చెప్పేవి, కొన్ని దేవుడికే చెప్పుకునేవి. ఏది ఎక్కడ చెప్పాలో నువ్వే అనుకో, తెలియకపోతే నన్నడుగు. కానీ ఎవరైనా నిన్ను కొడుతున్నా, ఎవరైనా నిన్ను తాకకూడని చోట తాకినా, అది దాచుకునే కథ కాదు, ఎవరు దాచమన్నా సరే పెద్దవాళ్లకి చెప్పాల్సిందే. ఈ ముక్క గట్టిగా చెప్పండి. లేకపోతే మొదటి మాట విని, నోరు మూసుకోవడమే మంచిదనుకుంటారు.

ప్రోగ్రాం ఫోన్లో తీసి యూట్యూబులో పెట్టే అలవాటు మీ చర్చికీ ఉంటే, పిల్లలు కథలు చెప్పేటప్పుడు కెమెరా ఆపమనండి. ఇంటి సంగతులు ఊరికే బయటపడతాయి.

రాసిచ్చే తల్లుల్ని నొప్పించకండి. బిడ్డ నలుగురిలో తడబడుతుందేమోనన్న భయంతో రాస్తున్నారు పాపం. వాళ్లకో పని అప్పజెప్పండి: ఇంట్లో రోజూ రాత్రి బిడ్డ కాగితం పట్టుకుని కథ చెబితే వినడం. దిద్దకుండా వినడం. రోజుకో రకంగా చెబుతుంది, అదే కావాలి. ప్రోగ్రాం నాడు కూడా కాగితం చేతిలోనే ఉంటుందని చెబితే సగం భయం పోతుంది. అప్పటికీ నోరు రాని పిల్ల ఉంటే, పక్కన మీరు నిలబడి "నువ్వెక్కడున్నావు?" అని అడగండి, జవాబు చెబుతుంది. అదీ వద్దంటే బొమ్మ చూపించి వచ్చేస్తుంది. రెండు నిమిషాలు నిండాలని ఎవరూ గడియారం చూడకండి. ఆ వయసుకి అర నిమిషం కథ నిండు కథే.

చివరగా, మొదటి ప్రైజు, రెండో ప్రైజు అని సంఘ పెద్దలెవరైనా అంటారు, అనకుండా ఉండరు. నాటికకి ఇవ్వమనండి, కంఠత వాక్యాలకి ఇవ్వమనండి. నాయన పిలిచిన పిలుపుకీ తాత చేతికీ మార్కులు వేయడం ఎవరి వల్లా కాదు కాబట్టి, పద్నాలుగు మందికీ తలా ఒక పెన్సిలు కొనిపెట్టండి. కాగితాలు మాత్రం మీ దగ్గర ఉంచుకోకుండా పిల్లలకే ఇచ్చేయండి.